ఠాణాలో ఉండిపోయిన ఆట

మేం అప్పుడు కాపురం ఉన్నది జనగామకు, మానుకోటకు నడుమ రైలు ఆగే ఒక చిన్న ఊళ్లో. ఊరి పేరు రాయను. ఇన్నేళ్లయినా రాయబుద్ధి కాదు. ఎందుకని అడిగితే భయం అంటాను, అంతకన్నా మంచి కారణం నా దగ్గర లేదు.

ఎనభైల చివరి రోజులవి. మా ఆయన స్టేషన్ రోడ్డులో ఒక రేడియో, టీవీ రిపేర్ల దుకాణంలో పనిచేసేవాడు. దుకాణం ఆయనది కాదు, చాకిరీ మాత్రం అంతా ఆయనదే. ఒకసారి సామాను కోసం హైదరాబాదు పోయి వచ్చాడు. వచ్చినప్పటి నుంచి మనిషి మనిషిలా లేడు. అన్నం ముందు కూర్చుని కంచంలో పప్పు మీద వేలితో గీతలు గీస్తున్నాడు.

"ఏమైంది నీకు? పప్పు మంచిగలేదా?" అని అడిగాను.

"సికింద్రాబాద్‌ల ఒక సేఠు ఇంట్ల చూసినే. టీవీల సినిమా గాదు, వార్తలు గాదు, మనమే ఆడుకునే ఆట. రెండు తెల్లకట్టెలు, నడుమ ఒక చుక్క. చేతిల ఉన్న మర తిప్పితే కట్టె కదులుతది. చుక్కను అవతలికి కొట్టాలె."

"అయితే ఏంది?"

"నేను చేస్త."

ఆయన నోట 'చేస్త' అన్న మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. ఆ మాట తర్వాత ఇంట్లో ఏదో ఒక వస్తువు విప్పి కుప్ప పోసేవాడు. మా పుట్టింటి వాళ్లు ఇచ్చిన గోడ గడియారం అలాగే పోయింది.

ఆ సేఠు ఇంట్లో ఉన్నది ఫారిన్ డబ్బా. అలాంటిది కొనాలంటే మేం ఏళ్లకేళ్లు పస్తులుండాలి. కాబట్టి ఆయన కొన్నది చిప్పు ఒక్కటే. అదీ కోఠిలో ఫుట్‌పాత్ మీద, ఏదో పాడైన ఆట డబ్బాలోంచి పీకింది. జెర్రిలా రెండు పక్కలా కాళ్లు దానికి. పనిచేస్తుందో లేదో అమ్మినవాడికే తెలియదట. మిగతా సరుకంతా దుకాణంలోని చెత్తబుట్టే ఇచ్చింది. చేత్తో తిప్పే మరలు పాత రేడియోల వాల్యూం మరలు. పెట్టె కోసం నా చాపత్తి డబ్బాను లాక్కున్నాడు, చాపత్తిని నేను పేపర్లో పొట్లం కట్టి దాచుకున్నాను. చిప్పును కూర్చోబెట్టడానికి దళసరి అట్ట ముక్క. ఆ అట్టకు గోనెసూదితో బెజ్జాలు పొడిచింది నేనే. కరెంటు పోతే అతుకులు పెట్టే కడ్డీ రాగి మొనను కుంపట్లో కాల్చి అందించింది కూడా నేనే. నా వేళ్లు సన్నవని అతుకులు చాలావరకు నాతోనే పెట్టించాడు. పొగ కళ్లలోకి పోయి నేను తిడుతూ ఉంటే, "తిట్టు, ఎంతన్న తిట్టు, చెయ్యి మాత్రం వణకనియ్యకు" అనేవాడు.

టీవీ మా అన్న ఇచ్చింది. భూపాలపల్లిలో గనుల పనులు మొదలవుతున్న కాలం. అక్కడ లారీల కాంట్రాక్టరు దగ్గర పనిచేసే మా అన్న కొత్త టీవీ కొనుక్కుని, బొమ్మ పోయిన పాతది మాకు అంటగట్టాడు. మా ఆయన దాన్ని బాగు చేసి, ఇంటి మీద పొడుగాటి పైపు నిలబెట్టి యాంటెన్నా కట్టాడు.

ఇక్కడే ఒక పొదుపు చేశాడు. ఆట బొమ్మను టీవీలోకి ఎక్కించే భాగంలో ఒక చిన్న ట్రాన్సిస్టర్ వేయాలి. అది మా ఊళ్లో దొరకలేదు. దాని ఒక్కదాని కోసం మళ్లీ హైదరాబాదు దాకా చార్జీలు ఎవరు పెట్టుకుంటారని, దుకాణంలో పడి ఉన్న పెద్దది తెచ్చి వేశాడు. బొమ్మ భేషుగ్గా వచ్చింది. ఆట ఆడేటప్పుడు యాంటెన్నా తీగను పక్కకు తప్పించే స్విచ్చు ఒకటి కూడా కావాలట. అది కూడా ఎందుకు దండగ అని, యాంటెన్నా తీగను, ఆట తీగను కలిపి మెలిపెట్టి టీవీ వెనక ఒకే స్క్రూకి బిగించాడు. అప్పుడు అది మాకు గొప్ప తెలివిలా కనిపించింది.

మొదటిసారి చుక్క కదిలిన సాయంత్రం నాకు బాగా గుర్తు. కట్టెకు తగిలినప్పుడల్లా 'టక్' మనేది. ఆయన చిన్నపిల్లాడిలా గెంతాడు. నేను మూడో ఆటకే ఆయనను ఓడించాను, తర్వాత ఓడితే ఒప్పుకునేదాన్ని కాదు. నాకు ఓటమి అసలు పడదు. అష్టాచెమ్మలో కూడా గవ్వలు విసిరికొట్టే రకం నేను. శివరాత్రికి కురవి జాతరలో గుడారం వేసి, చారానాకు ఒక ఆట అని పెడదామన్నాడు. వచ్చిన డబ్బుతో సొంత దుకాణం అన్నాడు. నేను బోర్డు మీద పేరు కూడా ఆలోచించాను.

కానీ ఆ రోజులు అలాంటి ముచ్చట్లకు మంచివి కావు. పొద్దుగూకితే బస్సులు ఆపి సంచులు విప్పించేవారు. ఖాకీల వాళ్లు వచ్చి, అడవిలోని వాళ్ల గురించి అడిగి పోయేవారు. ఆ తర్వాత అడవిలోని వాళ్లు వచ్చి, వాళ్లు ఏమడిగారు, మీరేం చెప్పారు అని అడిగేవారు. ఇద్దరికీ అన్నం పెట్టిన ఇళ్లున్నాయి, ఇద్దరి చేతా దెబ్బలు తిన్న ఇళ్లూ ఉన్నాయి. మా ఆయన చిన్నమ్మది కొత్తగూడ పక్క పల్లె. ఆమె కొడుకు అడవిలో వాళ్లతో కలిసిపోయాడు. ఆ పాపానికి మా ఆయనను ఒకసారి ఠాణాకు పిలిచి పొద్దంతా వరండాలో కూర్చోబెట్టారు. ఇంటికి వచ్చి ఆయన నీళ్లు తాగి గోడవైపు తిరిగి పడుకున్నాడు. నాకేమో ఖాకీ భయం చిన్నప్పటిది. అరవై తొమ్మిదిలో, ప్రత్యేక రాష్ట్రం కావాలన్న గొడవల్లో, జనగామలో మా బాపు దుకాణం ముందు పోలీసులు పోరగాళ్లను తరుముతుంటే, ఆ తొక్కిసలాటలో బాపు మోచేయి విరిగింది. అప్పుడు నేను బియ్యం బస్తాల వెనక నక్కి చూశాను. ఆ రోజు నుంచి బూట్ల చప్పుడు వింటే నక్కడానికి చోటు వెతుక్కుంటాను.

ఆట మొదలైన కొన్నాళ్లకు దుకాణానికి కొత్తరకం రిపేర్లు రాసాగాయి. "అన్నా, జర మా టీవీ చూడరాదే, సినిమా నడుమ తెల్లగ రెండు గీతలు వస్తున్నయి" అని ఒకరు, "టక్‌టక్ అని సప్పుడైతుంది" అని ఇంకొకరు. మా వాడలో టీవీలే తక్కువ, ఉన్నవాటన్నిటికీ అదే జబ్బు. మా ఆయన పోయి, వాళ్ల పైపు ఎక్కి, యాంటెన్నాను అటు తిప్పి ఇటు తిప్పి, నయమైందని చెప్పి చాయ్ తాగి వచ్చేవాడు. ఆయన పోయిన వేళకు నేను ఆట కట్టేసి వంట చేసుకుంటూ ఉండేదాన్ని కాబట్టి గీతలు నిజంగానే పోయేవి. ఆయన హస్తవాసి గురించి ఊళ్లో ఒకటే పొగడ్తలు. మా ఇద్దరికీ అనుమానమే రాలేదు. మేం చేసింది ఆట డబ్బా అనుకున్నాం. ఆ పెద్ద ట్రాన్సిస్టర్‌తో, ఆ పొడుగు యాంటెన్నాతో మా ఇంటిని వాడలోని టీవీలన్నిటికీ మా ఆటను పంపే చిన్న టీవీ స్టేషన్ చేసి కూర్చున్నామని తెలియదు.

ఒక ఆదివారం సాయంత్రం ఎస్సై క్వార్టరు నుంచి జవాను వచ్చాడు. సినిమా నడుస్తుంటే బొమ్మ చెడిపోతోందట, వెంటనే రమ్మన్నారట. మా ఆయన సామాను సంచి భుజాన వేసుకుని పోయాడు. నేను వంట ముందే చేసేశాను. పక్కింటి దర్జీ భార్యను పిలిచి ఆటకు కూర్చున్నాను.

అక్కడ ఏం జరిగిందో ఆయన తర్వాత చెప్పాడు. ఎస్సై టీవీలో హీరోయిన్ ముఖం మీద రెండు తెల్లకట్టెలు, వాటి నడుమ చుక్క. టక్, టక్. ఎస్సై కోస్తా వైపు నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి. "ఏంటయ్యా ఇది? వింటున్నావా? ఎవరో ఎవరికో సంకేతాలు పంపుతున్నట్టు లేదూ?" అన్నాడట. మా ఆయన తెర దగ్గరికి వంగి చూశాడు. ఎడమవైపు కట్టె ఎప్పుడూ చుక్కను దాటిపోయి, మళ్లీ గబుక్కున వెనక్కి వస్తోందట. అది నా తొందర. దాన్ని చూడగానే అది నా చెయ్యని పోల్చుకున్నాడు.

యాంటెన్నా చూసి వస్తానని బయటికి వచ్చి, ఒకటే పరుగు. చెప్పులు అక్కడే, సామాను సంచి అక్కడే. వస్తూనే టీవీ వెనక తీగ పట్టి తెంపాడు. నేను గెలవబోతున్నాను, "ఏమయ్యా, కండ్లు కనవడ్తలేవా!" అని అరిచాను.

"ఎస్సై ఇంట్ల టీవీల ఆడుతున్నవే నువ్వు!" అన్నాడు.

దర్జీ భార్య లేచి, కొంగు సర్దుకుని, చెప్పాపెట్టకుండా వెళ్లిపోయింది.

తీగ తెంపితే సరిపోతుందనుకున్నాం. మాకు అంత మాత్రమే తోచింది. మెకానిక్ వచ్చి చూశాడు, చెమటలు పట్టి పారిపోయాడు, ఆయన పారిపోయిన కాసేపటికే గీతలు మాయమయ్యాయి. ఎస్సైకి అనుమానం రావడానికి ఇంత చాలదా? తెల్లారి నేను వాకిలి ఊడుస్తుంటే జీపు ఆగింది. డబ్బాను బయటికి తెచ్చిన జవాను దాన్ని రెండు చేతులా ముందుకు చాచి, ముఖం పక్కకు తిప్పుకుని నడిచాడు. మా ఆయనను చొక్కా కూడా వేసుకోనివ్వలేదు.

ఆ రోజుల్లో అలా తీసుకుపోయిన మగవాళ్లు కొందరు తిరిగొచ్చారు, కొందరి గురించి పేపర్లో వచ్చింది. ఎవరి దగ్గరికి పోవాలి? దుకాణం యజమాని తలుపు తీయలేదు. చివరికి టీవీని దుప్పట్లో చుట్టి, రిక్షాలో పెట్టుకుని, నేనే ఠాణాకు పోయాను. దారి పొడుగునా జనం చూశారు. ఒక్కరూ పలకరించలేదు.

ఠాణా వాకిట్లో చాపత్తి డబ్బా ఇసుక బస్తాల నడుమ ఉంది. దాని నుంచి బయటికి వేలాడుతున్న తీగలు, లోపల టార్చిలైటు సెల్లులు. అది మా ఇంట్లో ఆట డబ్బాలాగే ఉండేది. అక్కడ చూస్తే నాకే బాంబులా కనిపించింది. మా ఆయన లోపల గోడకు ఆనుకుని గొంతుక్కూర్చున్నాడు. పెదవి వాచింది. నన్ను చూసి తల దించుకున్నాడు.

"నీ మరిది అడవిలో ఉన్నాడు. నీ మొగుడు ఇంట్లో వైర్‌లెస్ పెట్టాడు. నువ్వేంటి, టీవీ తెచ్చావు?" అన్నాడు ఎస్సై.

"వైర్‌లెస్ గాదు సార్, గది ఆట. టీవీల ఆడుకునే ఆట. ఆడి సూపిస్త."

"గదీ గిదీ కాదు, సరిగ్గా చెప్పు. అది పేలితే?"

"పేలితే ముందుగాల నేనే పోత గద సార్."

ఆ మాట ఎలా వచ్చిందో తెలియదు. ధైర్యం మాత్రం కాదు. ఎస్సై కానిమ్మని చెయ్యి ఊపాడు. జవాన్లు అందరూ వాకిలి దాటి బయట నిలబడ్డారు. డబ్బాను లోపలికి తెచ్చి, టీవీకి తగిలించి, తెరిచి చూస్తే ఒక అతుకు ఊడి ఉంది, లాగిపడేసినప్పుడు ఊడినట్టుంది. అతికించడానికి ఏమీ లేదు. ఊడిన తీగను బొటనవేలితో అదిమిపట్టి, మిగతా వేళ్లతో మర తిప్పాను. బొమ్మ వణికి, నిలబడింది. రెండు కట్టెలు, నడుమ చుక్క. టక్.

జవాన్లు ఒక్కొక్కరే లోపలికి వచ్చారు. "రెండోది ఎవరు తిప్పాలి?" అన్నాడు ఎస్సై. కుర్చీ లాక్కుని ఆయనే కూర్చున్నాడు.

నా జీవితంలో అంత కష్టమైన ఆట ఇంకోటి ఆడలేదు. గెలిస్తే ఏమవుతుందో! మరీ తొందరగా ఓడితే వెక్కిరిస్తున్నానని అనుకుంటాడేమో! బొటనవేలు జారితే బొమ్మ పోతుంది, బొమ్మ పోతే అది మళ్లీ బాంబే. చుక్క వస్తుంటే అందుకునేంత దూరం పోయి, ఆఖరున వెంట్రుకవాసిలో వదిలేశాను. రెండు కొట్టి, ఒకటి వదిలాను. పళ్లు బిగపట్టి, నాకు చేతకాని పనిని ఒళ్లంతా చెమటతో చేశాను. ఎస్సై నవ్వడం మొదలుపెట్టాడు. "ఇంకోటి" అన్నాడు. తర్వాత ఇంకోటి. జవాన్లు చప్పట్లు కొట్టారు. గోడవారగా మా ఆయన తల ఎత్తి చూశాడు, నేను ఓడుతుంటే ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"సరే, తీసుకెళ్లు నీ మొగుణ్ణి" అన్నాడు చివరికి. "ఈ డబ్బా, టీవీ ఇక్కడే ఉంటాయి."

ప్రాణం దక్కిందని ఇంటికొచ్చి దేవుడి పటం ముందు కొబ్బరికాయ కొట్టాను. మా అన్న టీవీ పోయిందన్న చింత కూడా లేదు.

అయితే ఆ డబ్బా అంత మోటు చేతుల కోసం చేసింది కాదు. నాలుగు రోజులకు జవాను దుకాణానికి వచ్చాడు. "అన్నా, సార్ పిలుస్తుండు. డబ్బా మొరాయించింది." మా ఆయన పోయి అతుకు పెట్టి వచ్చాడు. మళ్లీ పిలుపు. ఒకసారి మర ఊడింది, ఒకసారి సెల్లులు కారాయి, ఒకసారి ఏమీ కాలేదు, ఊరికే చూసి పొమ్మన్నారు. పోయినప్పుడల్లా ఎస్సై ఆడుతూ ఆడుతూ, తల తిప్పకుండానే, "మీ తమ్ముడు ఎక్కడున్నాడోయ్ ఇప్పుడు?" అనేవాడట. తెలియదంటే, సరేలే అనేవాడట. ఆయన పోయి వచ్చేదాకా నేను గడపలో నిలబడేదాన్ని. పొయ్యి మీద ఏం పెట్టానో మరిచిపోయి, ఎన్ని కూరలు మాడ్చానో.

ఆ భయానికి కొంచెం అలవాటు పడుతుండగా కొత్తగూడ నుంచి చిన్నత్తమ్మ, అడవిలో ఉన్నవాడి తల్లి, వచ్చింది. సంచిలో చింతపండు తెచ్చింది గానీ, సంచి విప్పలేదు. మంచినీళ్లు ఇస్తే పక్కన పెట్టింది.

"బిడ్డా, వీడు ఠాణాకు ఎందుకు పోతున్నడు?"

"టీవీ రిపేరు చిన్నత్తమ్మా."

"నేను గూడ గట్లనే చెప్పిన. ఒక్క టీవీ ఇన్నిసార్లు ఖరాబైతదా అని అడిగిన్రు." ఎవరడిగారో ఆమె చెప్పలేదు, నేనూ అడగలేదు. "నా కొడుకే వచ్చి చెప్పిండు. అన్నను ఠాణా దిక్కు పోవద్దను, పెద్దమ్మ కొడుకని వాళ్లు చూడరు, నేను ఆపలేను అన్నడు." అంటూ ముక్కు చీదుకుని, వచ్చిన బస్సుకే తిరిగి పోయింది.

ఇన్‌ఫార్మర్ అని పేరు పడినవాళ్లు ఊరి బయట చేలల్లో దొరికేవారు. అది అందరికీ తెలిసిందే. ఠాణాకు పోతే అడవి వాళ్లు ఊరుకోరు. పోకపోతే ఠాణా వాళ్లు ఊరుకోరు. ఊరు విడిచి పారిపోతే ఇద్దరూ తమ అనుమానమే నిజమనుకుంటారు. మా ఆయన అన్నం ముందు కూర్చుని కంచం వైపు చూస్తున్నాడు. ఈసారి గీతలేమీ గీయలేదు.

"దాన్ని సంపెయ్" అన్నాను.

ఆయన కంచం పక్కకు జరిపాడు. "గసుంటి చిప్పు మళ్ల దొరకదే."

"దొరకొద్దనే చెప్తున్న. వాళ్ల కండ్ల ముంగటనే సావాలె. మళ్ల నిన్ను పిలిచే పని పడొద్దు."

"సెల్లులు ఉల్టా పెడితే సాలు" అన్నాడు, గోడకు చెబుతున్నట్టు. "చిప్పు కాలిపోతది."

మరునాడే పిలుపు వచ్చింది. ఆయన పోయాడు. నేను గడపలో నిలబడలేకపోయాను, లోపల బియ్యం ఏరుతూ కూర్చున్నాను. ఏరిన బియ్యమే మళ్లీ ఏరాను. కావాలనే కాల్చాడని కనిపెడితే ఏం చేస్తారన్నది ఒక ఆలోచన. మనసొప్పక కాల్చకుండానే వస్తాడేమో అన్నది ఇంకోటి. నిజం చెప్పాలంటే ఆ రెండోదే నన్ను ఎక్కువ భయపెట్టింది. ఆయన నాకు తెలుసు.

పొద్దు వాలుతుండగా వచ్చాడు. చేతులకు కాలిన వాసన.

"పాయె" అన్నాడు.

ఒళ్లంతా తడిమి చూశాను. దెబ్బల్లేవు. ఏం జరిగిందంటే నింపాదిగా చెప్పాడు. అతుకు పెట్టి లేవబోతుంటే, "రావోయ్, ఎప్పుడూ చేయడమేనా, ఒక ఆట ఆడు" అన్నాడట ఎస్సై. ఇన్ని రోజుల్లో అది మొదటిసారి. ఆడాడు. గెలిచాడు. ఎస్సై భుజం తట్టాడు. అప్పుడు సెల్లులు అయిపోయినట్టున్నాయి, మారుస్తానని చెప్పి, కొత్త సెల్లులను తలకిందులుగా పెట్టాడు. సన్నగా పొగ వచ్చింది. తెర మీద చుక్క ఆగిపోయింది, తర్వాత కట్టెలు కూడా పోయాయి.

"తిట్టిండా?" అని అడిగాను.

"లేదే. బాగు కాదా అని అడిగిండు. కాదు సార్ అన్న. అయ్యో, ఎంత కష్టపడి చేశావో పాపం, అన్నడు."

అది చెప్పి మా ఆయన ఏడ్చాడు. పెదవి వాచిన రోజు కూడా పైకి ఏడవని మనిషి, ముఖానికి చేతులు అడ్డం పెట్టుకుని, గొంతు ఆపుకోలేక, పెద్దగా ఏడ్చాడు. నాకు ఆయన బతికి వచ్చాడన్న సంతోషం తప్ప ఇంకేమీ లేదు. దగ్గరికి తీసుకుని ఓదార్చాలని కూడా తోచలేదు. ఏడుపు వీధిలోకి వినపడితే ఎవరో ఒకరు ఎందుకని అడుగుతారు. లేచి తలుపు వేశాను, తర్వాత కిటికీ రెక్కలు కూడా మూశాను.